కాగు నీళ్ళూ కాగితం గీతలూ

మొన్నామధ్య తల తిరుగుతోందన్నందుకు మా ఆవిడ నన్ను విజయవాడ తీసుకువెళ్ళి, డాక్టరు రాసిన పరీక్షల్లో భాగంగా మెదడు తరంగాలు తీసే గదిలో కూర్చోబెట్టింది. అక్కడి అమ్మాయి నా తలకు వైర్లు అంటిస్తూ, జుట్టు లేదు కాబట్టి పని సులువైందని నవ్వింది. బట్టతలకు ఇలా ఒకరు మెచ్చుకోలు పలుకుతారని నేనెన్నడూ అనుకోలేదు. ఎదురుగా తెర మీద గీతలు చప్పుడు లేకుండా పారుతున్నాయి. ఆ చప్పుడు లేకపోవడమే నాకు వింతగా తోచింది, ఎందుకంటే నాకు తెలిసిన ఈ.ఈ.జి. మెషీను అలా మూగది కాదు. డెబ్భైలలో గుంటూరులో అది సన్నటి కలాలతో కాగితం మీద గరగరా గీస్తూ, మా ఇంట్లో ఒక మనిషి ఉండాలో పోవాలో తేల్చింది.

మాది తిరువూరు. నాన్న బడిలో మాస్టారు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోతే నాయనమ్మ చేతుల మీద పెరిగాను. నేను చిన్న తరగతుల్లో ఉండగానే నాన్న రెడ్డిగూడెం సంబంధం చేసుకున్నారు, వచ్చినావిడను పిన్నీ అని పిలవమన్నారు. ఆవిడ నోరు విప్పే ముందు ఎదుటివాళ్ళ మొహం ఒకసారి చూసుకునే మనిషి. ఇంటి పనుల్లో నాయనమ్మ ఆమెకు మొట్టమొదట అప్పగించింది నా తలనే, అంటే ఆదివారం చర్చికి వెళ్ళేముందు నాకు తలంటు పోయడం. నాయనమ్మ పోసినన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పులతో ఏదో రెండు చెంబులు, అవీ ఎండలో పెట్టిన నీళ్ళతో, అయిందనిపించేది. పిన్ని అలా కాదు. పొద్దున్నే పెరట్లో పత్తికట్టె మంట వేసి, కాగు నిండా నీళ్ళు మరిగించి, కుంకుడురసంతో తల రుద్ది, పొగలు కక్కే నీళ్ళు చెంబు వెంట చెంబు గుమ్మరించేది. ఒళ్ళంతా దూదిపింజై తేలిపోతున్నట్టుండేది నాకు.

ఒక ఆదివారం ఆ హాయిలోనే నేను ఎటో వెళ్ళిపోయాను. ఎటు వెళ్ళానో చెప్పలేను, నా కథలో నేను లేని ఘట్టం అదొక్కటే. చూసినవాళ్ళు చెప్పినదాన్నిబట్టి, గుడ్లు నిలిపి గోడ వంక చూస్తూ, పెదవులు చప్పరిస్తూ, లేని బొత్తాలు పెట్టుకుంటున్నట్టు గుండెల మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నానట. పిలిస్తే పలకలేదట. కాసేపటికి తేరుకుని, చర్చికి వేళయిందా అన్నానట. మా ఊళ్ళో మూర్ఛ అంటే మనిషి పడిపోవాలి, కొట్టుకోవాలి, నోట నురగ రావాలి, ఎవరో పరుగున వచ్చి చేతిలో తాళంచెవులు పెట్టాలి. నాది అలాంటిదేమీ కాదు. నురగ ఉన్న మాట నిజమే గాని అది కుంకుడుకాయది.

ఆ తరవాత ఇంచుమించు ప్రతి తలంటుకీ అదే తంతు. బడిలో రాదు, ఆటలో రాదు, నిద్రలో రాదు, పిన్ని చెయ్యి తల మీద పడితేనే వస్తుంది. ఇది ముందుగా ఎవరు కనిపెట్టారో తెలియదు గాని, చర్చి మెట్ల మీద గుసగుసగా పుట్టి మా గడపలోకి గట్టిగానే వచ్చింది. ‘‘ఆ చెయ్యి మంచిది కాదత్తా, పిల్లోణ్ణి ముట్టుకోనీకు,’’ అని పక్కింటావిడ గోడ మీంచి నాయనమ్మకు చెబుతుంటే, పిన్ని ఇవతల అంట్లు తోముతూనే ఉంది.

నాన్న నన్ను గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. మనవడి తలకు కరెంటు పెడతారని ఎవరో చెప్పడంతో నాయనమ్మ కూడా బయలుదేరి, ఎ.కొండూరు దాటకముందే బస్సులో అందరి చేతా ప్రార్థన చేయించింది. అక్కడ తలంతా తెల్లటి జిగురు ముద్దలు పెట్టి వైర్లు తగిలించారు. కరెంటు మనకు పెట్టరని, మన తలలో పుట్టే కాస్త కరెంటునే ఆ కలాలు రాస్తాయని డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు. గీతలు నిమ్మళంగానే నడిచాయి. మామూలుగానే ఉన్నాయని, అంతమాత్రాన జబ్బు లేదని కాదని, మళ్ళీ ఒకసారి రమ్మని అన్నారాయన. నా తలలో ఏమీ లేదని మా లెక్కల మాస్టారు అప్పటికే చాలాసార్లు చెప్పి ఉన్నారు, దానికి గుంటూరు దాకా పోనక్కర్లేదు. కాని నాయనమ్మ డాక్టరు మాటలో మొదటి సగమే విన్నది.

‘‘తలలో ఏం లేదంటే చేతిలో ఉన్నట్టే గదరా అబ్బాయ్!’’ అంది నాన్నతో, ఆసుపత్రి వరండాలోనే.

బడిలో పులి అని పేరున్న మా నాన్న తల్లి ముందు పిల్లి. ఆ వారంలోనే పిన్నిని పుట్టింటికి పంపేశారు. ట్రంకుపెట్టె బండిలోకి ఎక్కించాక ఆమె నా దగ్గరికి వచ్చి, తల నిమరబోయి, నాయనమ్మ చూస్తోందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

మళ్ళీ నాయనమ్మ రెండు చెంబులే, మళ్ళీ ఎండ నీళ్ళే. నాకు మూర్ఛ రాలేదు. ఊరికి ఇంక ఏ రుజువూ అక్కర్లేకపోయింది. రెడ్డిగూడెం నుంచి పిన్ని అన్నగారు వచ్చి, ఏలుకుంటారో లేదో ఏదో ఒకటి తేల్చి చెప్పమని అరుగు మీద కూర్చున్నాడు. గుంటూరు ఇంకొక్కసారి వెళ్ళివచ్చి చెబుతానన్నారు నాన్న.

ఈసారి డాక్టరుగారు జరిగిందంతా విని, ఆవిడ నీళ్ళు ఎలా పోసేదని అడిగారు. నాన్నకు తెలియదు. నాయనమ్మకూ తెలియదు. ఆవిణ్ణి మేమెవరమూ ఏమీ అడగనేలేదు. ఆవిణ్ణే తీసుకురండి అన్నారాయన.

పిన్ని తన అన్నగారి వెంట గుంటూరు వచ్చింది. అడిగితే నేల చూస్తూ చెప్పింది: ‘‘బాగా మరిగించి పోసేదాన్నండి. ఆపకుండా పోసేదాన్నండి. తక్కువ పోస్తే, సవతితల్లి నీళ్ళకాడ కూడా లోభం చూపిచ్చిందంటారని...’’

డాక్టరుగారు ఆమెనే వేడి తువ్వాలు నా తల మీద వేయమన్నారు. ఆమె రెండు చేతులూ వెనక దాచుకుని గోడకు ఆనుకుంది. చివరికి నర్సమ్మే మరిగిన నీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, వైర్ల మీదుగా తలకు చుట్టింది, తీసి మళ్ళీ చుట్టింది. వేడి దిగింది, ఆ హాయి వచ్చింది, నేను వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి కలాలు ఇంకా గింజుకుంటున్నాయి, కాగితం మడతలు మడతలుగా కిందికి జారుతోంది, దాని మీద గీతలు ముళ్ళకంపలా లేచి ఉన్నాయి. డాక్టరుగారు ఆ కాగితాన్ని చదువురాని మా నాయనమ్మ ముందు పరిచారు.

‘‘చూడండమ్మా, ఇప్పుడు ముట్టుకుంది మా నర్సు. మీ కోడలు అక్కడ గోడ దగ్గరుంది. తల మీద వేడి నీళ్ళు పడితే కొందరు పిల్లలకు ఇలా వస్తుంది. మైసూరు వైపు ఇలాంటివి చూశామని మా తోటి డాక్టర్లు చెబుతుంటారు. చేతిది కాదు, వేడిది.’’

నాయనమ్మ కాగితం వంకా కోడలి వంకా చూసింది. పిన్ని నేల మీద కూలబడి ఏడుస్తోంది. ‘‘నీ చెయ్యి మంచిదేనమ్మా, లే,’’ అంది నాయనమ్మ.

‘‘పోసింది ఈ చెయ్యే గదత్తయ్యా.’’

తిరుగు బస్సులో నాయనమ్మ ఆమెకు కిటికీ పక్క సీటు వదిలింది. మా నాయనమ్మ క్షమాపణలు అంతకు మించి ఎన్నడూ సాగలేదు. పిన్ని మా ఇంటికి తిరిగి వచ్చింది గాని నా తల దగ్గరికి రాలేదు. దువ్వెన నాయనమ్మకు అందించేది, జ్వరం వస్తే మెడ మీద చెయ్యి వేసి చూసేది. మాత్రలతోనూ గోరువెచ్చని నీళ్ళతోనూ నేను పెరిగాను, కాలేజీకి వచ్చేసరికి డాక్టరుగారు ఆ మాత్రలూ మాన్పించారు. ఇంక భయం లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా పిన్ని తల ఊపేది, అంతే. నా పెళ్ళిలో దీవెన కోసం ఆమె ముందు మోకరిస్తే, గాలిలోకి లేచిన చెయ్యి నా తల దాకా వచ్చి, పక్కకు జరిగి, భుజం మీద వాలింది.

ఇప్పుడు అటువంటి జబ్బులకు పేర్లున్నాయి. పిల్లవాడు ఒక్క నిమిషం కొయ్యబారితే తల్లే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపిస్తుంది, మరునాటికి మందు మొదలవుతుంది. మంచి కాలమే, నేను కాదనను. ఆ రోజుల్లో పేరు తెలియని రోగానికి మేము మా పిన్ని పేరు పెట్టాం, పేరు తెలిశాక రోగాన్ని మరిచిపోయాం, ఆమె మాత్రం మరవలేదు. కలాలు నా తలలో ఉన్నదాన్ని రాయగలిగాయి గాని, ఆ చేతిలోకి మేము ఎక్కించిన భయాన్ని రాసే మెషీను అప్పుడూ లేదు, ఇప్పుడూ వచ్చినట్టు వినలేదు.

ఆమె పోయిన రోజు, సమాధుల తోటకు తీసుకువెళ్ళేముందు, పెట్టె మూత వేయబోతుంటే ఒక్క క్షణం ఆగమన్నాను. వంగి, ఆమె కుడిచేతిని నేనే ఎత్తి నా తల మీద పెట్టుకున్నాను. ఎంతో చల్లగా ఉంది.