నీడ ఎటు పడాలి

మా గురువుగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను మధురవాడ ఆఫీసులో ఓ అపార్ట్‌మెంట్ల ప్రకటనకు వెండి అక్షరాలు దిద్దుతున్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ మౌస్ పట్టుకున్నాను గానీ, ఆ మెరుపు ఎక్కడ ఆపాలో ఎంతకీ తెలియలేదు. మెరుపు ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది ఆయనే.

ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లినవాళ్లు ఆయన అక్షరాలు చూసే ఉంటారు. ఒకప్పుడు పడవలకు పేర్లు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కనపెట్టి, నెరిసిన జుట్టుతో ఫొటోషాప్ నేర్చుకుని, ఇంటి ముందుగదిలోనే షాపు పెట్టారు. డిగ్రీ అయ్యాక నేను అక్కడే పనిలో చేరాను. ఉబ్బెత్తు అక్షరం చేసిన ప్రతిసారీ, ఎత్తు చేతికి తగులుతుందన్నట్టు తెరను వేలితో తడిమేవారు. మానిటర్ నిండా వేలిముద్రలే. తుడవలేక చచ్చేదాన్ని.

కొత్తలో నాకు అన్నీ వాడెయ్యాలని ఆరాటం. ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీలో పేర్లకు మంట, మెరుపు, నీడ, చుట్టూ వెలుగు, ఏదీ మిగల్చకుండా దట్టించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశారు.

“ఓలమ్మీ, పెళ్లికొడుకు తగలడిపోతన్నాడే! బకెట్టుతో నీళ్లట్టుకురా.”

ఎవరు ఫ్లెక్సీకి వచ్చినా ముందు ఆయన అడిగేది ఒకటే. “ఏ పక్క కడతారు? సముద్రం ఎటుంటాది?”

“ఫ్లెక్సీ కొడతావా, చేపల యాటకెల్తావా బావా?” అని నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకునేవారు కాదు. పొద్దుటి ఎండ ఎటునుంచి వస్తుందో తేల్చుకుని, తెరమీద వెలుగు కూడా అటునుంచే పెట్టించి, నీడ ఇటు పడేలా చేయించేవారు.

“ఆకాశంలో ఒక సూరీడు, నీ కంప్యూటర్లో ఇంకో సూరీడయితే సూసినోడికి కళ్లు గుంజుతాయమ్మీ.”

శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి మాత్రం ఏ హంగూ పెట్టనిచ్చేవారు కాదు. “పోయినోడి పేరు తెల్లగా ఒగ్గీ. ఆడికింక నీడేటి?” అనేవారు. ఎంత పెద్దవాళ్లు వచ్చి అడిగినా ఆ మాట మీదే ఉండేవారు.

ఆయన పెద్దకర్మ ఫ్లెక్సీ చేసే పని నాకే వచ్చింది. షాపుకి వెళ్లి ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన చెప్పినట్టే నల్లటి రంగు మీద తెల్లటి పేరు పెట్టాను. లోపలినుంచి ఆయన భార్య వచ్చింది. ఆవిడను నేను పిన్నీ అంటాను.

“ఏటమ్మీ, ఇంత బోడిగా పెట్టినావు? ఊరందరి పేర్లకీ బంగారం పూసినాడు. మా మావ పేరు ఏ గోడ మీదన్నా ఉందేటి? ఈ ఒక్కపాలన్నా మెరవనీ.”

ఆయన మాట కాదనలేను. ఆవిడ మొహం చూస్తూ కాదనడమూ నావల్ల కాలేదు. చివరికి అలవాటుగా ఆయన అడిగేదే అడిగాను.

“ఏ పక్క కడతారు పిన్నీ?”

“ఈ గుమ్మం పక్కనేనే.”

సముద్రం ఎటో అడగక్కర్లేదు, వీధిలోంచి చూస్తే కుడివైపే. అటునుంచి వెలుగు పెట్టాను. పేరుకు బంగారు రంగు పూశాను. గురువుగారూ, ఈసారికి మీ మాట వినలేదు. నీడ పెడుతుంటే తెర సరిగ్గా కనపడలేదు, ఏడుపు వచ్చేసింది.

పెద్దకర్మ నాటి పొద్దున్న ఫ్లెక్సీ కట్టారు. సముద్రం మీంచి ఎండ వచ్చింది. కట్టిన కర్ర నీడ ఎడమవైపు గోడ మీదికి వాలింది. ఆయన పేరు నీడా అటే వాలింది. పిన్ని మెల్లగా దగ్గరికి వెళ్లి, ఎత్తు చేతికి తగులుతుందన్నట్టు, మొదటి అక్షరాన్ని వేలితో తడిమింది.