మబ్బు వెనక కొండ

నా చిన్నప్పుడు కెనడాలోని ఎడ్మంటన్‌లో మన స్టూడెంట్లు లేని బేస్‌మెంట్ ఉండేది కాదు. కాలేజీల్లో చదవడానికి వాళ్లు విమానాల నిండా దిగిన రోజులవి. మా ఇంటి కింద కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. చదువైపోయింది, వర్క్ పర్మిట్ మాత్రం రాలేదు. ఆదివారం ఆమె తిరుగు ప్రయాణం. ముందు రోజు మావాళ్లు కొండల్లోని ఒక చిన్న ఊరికి వెళ్తూ ఆమెనూ రమ్మన్నారు.

అక్క పొంగిపోయింది. కెనడా వచ్చాక ఆమె చూసిందల్లా క్లాసు, పనిచేసే వేర్‌హౌస్, బస్సు. మంచు కొండ ఒక్కటి చూపించమని వాళ్లమ్మ ఎప్పటినుంచో అడుగుతోందట. కొండ ముందు నిలబడి వీడియో కాల్ చేస్తానని మాటిచ్చింది. తెల్లవారకముందే లేచి మా అందరికీ పులిహోర కలిపింది కూడా ఆమే.

ఆ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మా కారు తలుపు చప్పుడుకు మేమే ఉలిక్కిపడ్డాం. చెక్క ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు, చుట్టూ పైన్ చెట్లు. వేసవి కావడంతో దారిలోని కొండలన్నీ మంచు కరిగి బోడిగా ఉన్నాయి. మంచున్న పెద్ద కొండ, ఊరి చివర సరస్సు దాకా నడిస్తేగాని కనిపించదు. తీరా అందరం బయలుదేరబోతుంటే మా చంటి తమ్ముడు నిద్రపోయాడు.

"నువ్వు మా ఇంటి పిల్లవే కదమ్మా, వీణ్ణి కాస్త చూస్తూ ఉండు. భోజనాలయ్యాక వెళ్దువుగాని," అంది మా అమ్మ.

అక్క తలూపి చెట్ల కింద బల్ల దగ్గర కూర్చుంది. మేం ఎండలో మెరుస్తున్న కొండను చూసి, ఫోటోలు దిగి, తీరిగ్గా వచ్చాం. మన భోజనాల సంగతి తెలిసిందే. పులిహోర, పెరుగన్నం, ఆపైన ఫ్లాస్కులో టీ, ఆపైన కబుర్లు. వడ్డించింది అక్కే. నా పళ్లెంలో వేస్తూ మెల్లగా అడిగింది, "ఎట్లున్నదిరా కొండ?"

"ఇట్స్ ఓకే అక్కా. జస్ట్ ఎ మౌంటెన్," అన్నాను.

అక్కా నేనూ సరస్సు చేరేసరికి మబ్బు దిగిపోయింది. కొండ ఉండాల్సిన చోట బూడిద రంగు తప్ప ఏమీ లేదు. ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. చీకటి పడేలోపు ఇల్లు చేరాలి, రమ్మని నాన్న ఫోన్ చేశాడు. అప్పుడిక అక్క వాళ్లమ్మకు కాల్ చేసింది. అక్కడ అర్ధరాత్రి దాటినా ఆవిడ మేలుకునే ఉంది.

"మబ్బచ్చిందమ్మా, ఫోన్ల కనవడ్తలేదు. నేనైతే పొద్దుగాల్నే చూసిన. మన గుట్ట మీద పత్తి ఆరబోసినట్టున్నదే, అంత తెల్లగ. వీళ్లు నన్ను మంచిగ చూస్తున్నరమ్మా, ఇంట్ల పిల్ల లెక్క."

నవ్వుతూనే చెప్పింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నా వైపు చూడలేదు. పొద్దున కళ్లారా చూసిన నాకు కనబడని కొండ, చూడని మనిషి చెప్పాక కనబడింది.

మా అమ్మ చెడ్డది కాదు. నాకు మింగుడుపడనిది అదే. మర్నాడు అక్కకు దారిలో తినమని కారప్పూస కట్టిచ్చి, కళ్లు కూడా తుడుచుకుంది. పెద్దయ్యాక ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్లానో. కొండ తేటగా కనిపించిన ప్రతిసారీ ఆ పత్తి గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. నా ఇంటికీ మనుషులు వచ్చిపోతుంటారు. వాళ్లను మా ఇంటి మనుషులని అనబోయే ముందు, నేను లేచి వాళ్లకు వడ్డిస్తాను.