వదిన పేరు పచ్చగా ఉన్నన్నాళ్లు

నన్ను అందరూ మేడం అనేవారు. ఆమెను వదిన అనేవారు. నా కడుపుమంట అంతా ఈ రెండు పిలుపుల మధ్యే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నాచారం పారిశ్రామికవాడలో, బేరింగుల గోదాము పై అంతస్తులో మా స్టూడియో. ఫోనులో ఆడే ఆట ఒకటి తయారుచేస్తాం. పెళ్లి వంటల ఆట. ఒక్కో మెట్టుకు ఒక్కో పెళ్లి. బంతి మీద బంతి లేస్తుంటుంది, బగారన్నం అడుగంటకుండా చూసుకోవాలి, పప్పుచారు అయిపోకముందే వడ్డించాలి, పెళ్లికొడుకు మేనమామ అలిగి లేచిపోకుండా ఆయన విస్తట్లో రెండు ముక్కలు ఎక్కువ వేయాలి. నా ఉద్యోగం పేరు కమ్యూనిటీ మేనేజర్. ఆట నేను చేయను, ఆడేవాళ్లను చూసుకుంటాను. మా గ్రూపులో వాళ్లడిగే ప్రశ్నలకు జవాబులు రాస్తాను, వాళ్ల ఫిర్యాదులు మోసుకెళ్లి ప్రోగ్రామర్ల చెవిన వేస్తాను. మా అమ్మ లెక్కలో ఇది రోజంతా ఫోను చూస్తూ కూర్చోవడం.

గ్రూపు పెద్దదయ్యాక ఒక్కదాన్నే చూసుకోవడం నా వల్ల కాలేదు. ఆడేవాళ్లలోంచే కొందరిని మాడరేటర్లుగా పెట్టుకున్నాను. వాళ్లకు జీతం ఉండదు. గ్రూపులో వాళ్ల పేరు పచ్చగా కనిపిస్తుంది, చెత్త రాతలు తీసేసే మీట వాళ్ల ఫోనులో ఉంటుంది, అంతే. వదినకు ఆ పచ్చ పేరు ఇచ్చింది నేనే. అది గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేనే రెండు తిట్టుకునేదాన్ని.

ఆమెది మేడిపల్లి. చర్లపల్లిలో ఓ మందుల కంపెనీలో మాత్రల పెట్టెలు ప్యాకింగ్ చేస్తుంది. పొద్దుటి షిఫ్టు. చీకటితోనే కంపెనీ బస్సెక్కి ఆ బస్సులోనే గ్రూపు తెరుస్తుంది. ఆదివారం చర్చి అయ్యేదాకా కనిపించదు. వచ్చాక అందరికీ వందనాలు అని పెడుతుంది. ఆ తర్వాత గంటసేపు గ్రూపు నిండా వందనాలే, చర్చి గడప తొక్కనివాళ్లతో సహా. నేను సోమవారం శుభోదయం అని పెడితే ముగ్గురు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకునేవారు.

ముప్పై రెండో పెళ్లి అని ఒకటుంది మా ఆటలో. సగం వడ్డన అయ్యాక వాన పడుతుంది. చాలామంది అక్కడే ఆగిపోయారు. నేను ఒక పూటంతా కూర్చుని రాశాను: "వర్షం ప్రారంభమైన వెంటనే ఆందోళన చెందకుండా, మొదట పొయ్యిపై రేకును కప్పగలరు." కింద అయిదు వాక్యాల వివరణ. దాన్ని ఎవరూ చదివినట్టే లేదు. పది నిమిషాల తర్వాత వదిన రాసింది: "వాన పడంగనే పరేషాన్ గాకుండ్రి. ముందు పొయ్యి మీద రేకు కప్పుండ్రి. మనుషులు తడిస్తె తడవనీ, బగార తడిస్తె పెండ్లి ఖరాబ్." ఇక చూడండి, నవ్వులు, దండాలు, వదినా నువ్వు దేవతవు అని.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అది నా భాష. మా అమ్మది నల్లగొండ దిక్కు. ఇంట్లో నేను మాట్లాడేది సరిగ్గా అట్లాగే. ఆఫీసు రాత అంటే పెద్దమనిషి తరహాగా ఉండాలని నేనే నేర్చుకుని, ఇస్త్రీ చేసుకుని వాడుతున్నాను. నేను ఇంట్లో వదిలేసి వచ్చిన మాటతో ఈమె పేరు కొట్టేస్తోంది. పోనీ నేనూ అట్లా రాద్దామని ఓసారి ప్రయత్నించాను. "మేడం అకౌంటు ఎవరో హ్యాక్ చేసిన్రు" అని కింద ఒకాయన రాశాడు.

ఓ సోమవారం మీటింగులో మా బాస్, మేమంతా అన్న అనే పిలుస్తాం, ఆ రేకు మాటలను గోడ మీది పెద్ద తెరపై పెట్టించాడు.

"గిట్ల రాయాలె," అన్నాడు నా వైపు తిరిగి. "మనింట్ల మనిషి మాట్లాడినట్టున్నది. జర ఆమెను చూసి నేర్చుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఆట పుట్టినరోజు వచ్చింది. ఉప్పల్‌లో ఓ ఫంక్షన్ హాలు తీసుకుని ఆడేవాళ్లను భోజనానికి పిలిచాం. ఏర్పాట్లన్నీ నావే. మెడలో కార్డు వేసుకుని గుమ్మం దగ్గర బల్ల ముందు నిలబడి వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను. రెండేళ్లుగా వీళ్లకు రోజూ జవాబులు రాస్తున్నాను కదా, ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తారని పొద్దున చీర విషయంలో గంటసేపు తికమకపడ్డాను. ఒకమ్మాయి నా దగ్గరికి నవ్వుతూ వచ్చింది. "మేడం, వదిన యాడ కూసున్నది?" అని అడిగింది.

వదిన లోపల మూడో బల్ల దగ్గర ఉంది. పొట్టి మనిషి, నూలు చీర, చెవులకు చిన్న పోగులు. చుట్టూ జనం, ఫోటోల కోసం వరస. నన్ను చూడగానే వాళ్లందరినీ తప్పించుకుని వచ్చి స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది.

"మీ కోసమే తెచ్చిన మేడం. గరిజెలు. పొద్దుగాల లేసి చేసిన. మీరు మాకోసం మస్తు కష్టపడ్తరు."

ఆ కజ్జికాయల డబ్బా ఇంటికి తీసుకెళ్లి, ఆఫీసులో పంచారని అమ్మకు అబద్ధం చెప్పాను. అమ్మ రెండు తిని ఎవరు చేశారో గాని చెయ్యి మంచిదంది. ఇంట్లో కూడా ఆమే గెలిచింది.

అప్పటినుంచి ఆమె తప్పు ఒక్కటైనా దొరక్కపోతుందా అని చూసేదాన్ని. దొరకలేదు. ఉన్నట్టుండి ఒకరోజు తనే నాకు విడిగా రాసింది: "మేడం, మా కంపెనీల ఆడిట్ ఉన్నది. డబుల్ డ్యూటీలు. ఓ నెల రోజులు గ్రూపుల మాట్లాడ. ఏమనుకోకుండ్రి." నేను బొటనవేలి బొమ్మ పెట్టాను.

మాకో నియమం ఉంది. ముప్పై రోజులు గ్రూపులో ఒక్క మాటా రాయని మాడరేటర్ల పేర్లు నెలకోసారి నా ముందుకు వస్తాయి. పేరు పక్కన రెండు గళ్లుంటాయి. ఒకటి ఉంచు, ఒకటి తీసెయ్యి. కారణం చెప్పి వెళ్లినవాళ్లను ఉంచడం ఆనవాయితీ. ఆ నెల జాబితాలో ఒక్కటే పేరు వచ్చింది. నేను టీ తాగుతూ తీసెయ్యి నొక్కాను. నియమం ప్రకారమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు హాయిగా ఉంది. గ్రూపులో ఆమె పేరు అందరిలాగే నల్లగా మారడం కళ్లారా చూసి, టీ పూర్తిచేశాను.

మర్నాడు పదింటికి ఎప్పటిలాగే గ్రూపు తెరిచాను. "మేడం మనిషా, మిషినా?" అని ఉంది. దాని కింద ఇంకొకడు, "టీవీ వార్తల్లెక్క రాస్తది, ఏం పని చేస్తదో దేవునికెరుక." ఆ మర్నాడు నాలుగు. ఆ తర్వాత రోజు నా చీర మీద కూడా ఒకటి, ఉప్పల్ భోజనాల నాటి ఫోటోతో సహా. ఇక్కడ రాయలేనివి ఇంకో రెండు.

రెండేళ్లలో ఇట్లాంటిది ఎన్నడూ చూడలేదు. మా గ్రూపులో బూతులుండవని, అది నేను పెట్టిన క్రమశిక్షణ అని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నదాన్ని. ఇప్పుడు రోజూ పొద్దున్నే నా ముఖాన బురద. ఇద్దరు మాడరేటర్లు మిగిలారు గాని వాళ్లు తమాషా చూస్తున్నారు. ఎవరు రాయిస్తున్నారో నాకు అర్థమైపోయింది. పచ్చ పేరు పోయింది కాబట్టి వదిన తన మనుషులను నా మీదికి ఉసిగొల్పుతోంది. ఆ మాటలు ఒక్కటీ తీయకుండా అట్లాగే ఉంచాను. అన్నకు చూపించడానికి సాక్ష్యం కావాలి.

పదో రోజుకు సాక్ష్యం ఇంకాస్త గట్టిగా ఉండాలనిపించింది. గ్రూపులో తీసేసిన ప్రతి మాటా, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నది ఒక పట్టికలో చేరుతుంది. అది మేనేజర్‌కు మాత్రమే కనిపిస్తుంది. వారానికోసారి చూడాలి, నేను ఎన్నడూ చూడలేదు. చూసేదేముంది, గ్రూపు శుభ్రంగా ఉంటే? వదిన ఎవరి మాటలైనా అన్యాయంగా తీసేసి ఉంటుందని, అది పట్టుకుందామని తెరిచాను.

పట్టిక నిండా ఆమె పేరే. తీసిన వేళ పొద్దున అయిదున్నర, పొద్దున ఆరు, మధ్యాహ్నం భోజనం వేళ. తీసిన మాటలన్నీ నా గురించే. మిషిను, టీవీ వార్తలు, ఈమెను పీకేయండి. రెండేళ్లవి. ఎందుకు తీశారన్న గడిలో ఏదో ఒకటి రాస్తే తప్ప మీట పనిచేయదు. అందుకని ఆమె రాసింది. "మేడం చూస్తె బాధపడ్తది." "పొద్దుగాల పొద్దుగాల ఇది చూడొద్దు." "ఆమె ఊరికె కూసుంటలేదు, మస్తు పని చేస్తది." ఆడిట్ నెలలో కూడా ఒక్క రోజు తప్పలేదు. మాట్లాడనని చెప్పింది, మాట్లాడలేదు. తీస్తూనే ఉంది. మా నియమం రాసిన మాటలనే చూస్తుంది, తీసిన మాటలను చూడదు.

నాకు సిగ్గేసింది. దానితో పాటు, దాచడం దేనికి, ఇంకా కుళ్లు పుట్టింది. రాతలోనే కాదు, మంచితనంలో కూడా ఈమె నన్ను మించిపోవాలా అనిపించింది.

ఆమె పేరు మళ్లీ పచ్చగా మార్చి, షిఫ్టు అయిపోయే వేళ చూసి ఫోను చేశాను. చేసింది ఒప్పుకుందామనే. వెనక బస్సు మోత వినిపిస్తోంది. నేను నోరు తెరవకముందే ఆమె అందుకుంది.

"మేడం, నా ఫోను ఖరాబైందో ఏమో. పది రోజుల సంది తీసేసే మీట కనవడ్తలేదు. మీకు చెప్దామంటె..." ఆగింది. "గ్రూపుల మీరేమన్న చూసిన్రా?"

ఆ గొంతులో కంగారు నా కోసం. మీట ఎందుకు పోయిందో చెప్పాలంటే అవన్నీ చూశానని చెప్పాలి.

"లేదు వదినా," అన్నాను. మొదటిసారి ఆ పిలుపు నా నోట వచ్చింది. "పనిల పడి పది రోజుల సంది గ్రూపు తెరువనే లేదు. మీట మా దిక్కే ఖరాబైంది. ఇప్పుడు చూడు."

"వచ్చింది మేడం, వచ్చింది!" అంది. "జర ఆగుండ్రి, ఇప్పుడే తెరువకుండ్రి. రెండు నిమిషాలు."

గ్రూపు నా ఎదురుగా కంప్యూటర్లో తెరిచే ఉంది. మిషిను పోయింది. టీవీ వార్తలు పోయాయి. చీర ఫోటో పోయింది. రాయలేనివి రెండూ పోయాయి. ఫోనులో బస్సు మోత, ఆమె ఊపిరి. చివరికి ఒక్కటి మిగిలింది. అందులో తిట్టు లేదు. నిన్న ఎవరో ఆమెనే పొగుడుతూ రాశారు: "వదినా, నువ్వుంటె చాలు, మాకు మేడం ఎందుకు?"

అదీ పోయింది.

పట్టికను వెనక్కి తిప్పాను. తిట్ల మధ్య ఇట్లాంటివి ఎన్నో ఉన్నాయి, ఇందాక కోపంలో కంటపడలేదు. రెండేళ్లుగా నేను చూసి ఏడ్చిన పొగడ్తలన్నీ ఆమె తీసేయగా మిగిలినవి.

"ఇప్పుడు తెరువుండ్రి మేడం," అంది వదిన. "అంత మంచిగనే ఉన్నది."