నా తలంటుకు కాలిన పందొమ్మిది పిడకలు

ఒక్క తలంటు కోసం ఒక పెరడంతా కాల్చి బూడిద చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు పేజీలు చదవండి. ఆ ఘనకార్యం చేసింది నేనే. సాక్షులు ఎవరూ మిగలలేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అది 1957, మండువేసవి. నాకు పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు. పెళ్లయి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చి ఐదు నెలలు. బళ్లో లెక్కల్లో నాకు నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ నాలుగు ఎందుకు తగ్గించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నంద్యాలలో మా ఇంటికి పెరడంటే నాలుగు బండలు, ఒక నీళ్లతొట్టి. కూరగాయలు మా నాయన సంచిలోనే పుడతాయని నా నమ్మకం.

మా అత్త సుబ్బమ్మ పెరడు వేరు. పందిరి మీద సొర, కంచె వెంట బీర, మడిలో దోస. వానాకాలం నుంచి చలికాలం దాకా పచ్చికాయలు. ఎండాకాలం వస్తే వరుగులు, వడియాలు, ఊరగాయలు. అంగడి కూర మా గడప తొక్కడం నేను చూడలేదు.

ఆ వేసవిలో మా ఆడబిడ్డ కాన్పుకని అత్త కోయిలకుంట్లకు నలభై రోజులు ప్రయాణం కట్టింది. బస్సెక్కేటప్పుడు నాకు అప్పగింతలు చెప్పింది.

"ఎనుముకు టయానికి కుడితి పెట్టు. వడియాలు కాకులు ఎత్తకపోకుండా చూడు. జాడీల మూతలు ఊరికూరికే తీయొద్దు."

గోడ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తట్టనే లేదు. చీర చెంగు ఎటు వేసుకోవాలో కోడలికి ఎవరైనా చెబుతారా?

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. తొమ్మిదో రోజు, శుక్రవారం పొద్దున, ఆ ఉత్తమురాలు తలకు నూనె పెట్టుకుని నీళ్లు కాచడానికి కూర్చుంది. చూస్తే పిడకలు అయిపోయాయి. వంటింటి వెనక గోడకు మాత్రం అప్పచ్చులంత చిన్న పిడకలు కనబడ్డాయి. లెక్కపెట్టాను. మూడు వరుసలు, వరుసకు ఏడు, మొత్తం ఇరవై ఒకటి. 'పాపం, అత్తకు పిడక కొట్టడం కూడా సరిగా రాదు' అని జాలిపడి, పందొమ్మిది పీకి పొయ్యిలో పెట్టాను.

అవి మామూలుగా కాలలేదు. పెళ్లి ఊరేగింపులో టపాకాయల్లా టపటపమంటూ పేలాయి. పక్కింటి ఓబులమ్మక్క గోడ మీదుగా తల పెట్టింది.

"ఏందిమే, పొద్దున్నే ఏం వేపుతాండావు? గింజల వాసన వస్తాండాది!"

"వేపేది ల్యాదక్కా, నీళ్లు కాస్తాండా. పిడకలు పచ్చిగా ఉండాయేమో, ఒకటే చప్పుడు."

"ఏం పిడకలు?"

"ఈ గోడకుండేటివి. మా అత్త కొట్టినవి."

ఓబులమ్మక్క గోడ దిగలేదు, దూకింది. యాభై ఏళ్ల మనిషి!

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! అవి పిడకలు గాదుమే, ఇత్తనాలు! మీ అత్త ఏటేటా పేడలో పొదిగి గోడకు కొట్టుకుంటాది, పురుగు పట్టకుండా. వానలు పడితే ఆ బిళ్లను అట్లే గుంతలో పెట్టి నీళ్లు పోసేదే. వాళ్లమ్మ కాలం నాటి గింజ!"

నా తల మీది నూనె చల్లబడింది. మిగిలిన రెండు బిళ్లల్లో ఒకటి విరిచి చూస్తే ఎనిమిది గింజలు. ఎనిమిది పందొమ్మిదుల నూట యాభై రెండు. ఒక్క తలంటుకు నూట యాభై రెండు!

"అక్కా, నీ కాళ్లు మొక్కుతా. అత్తకు చెప్పొద్దు."

"నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా నీ మొగం చూసి నానబెడతాలే."

నానబెట్టింది. కానీ ఆ రోజు నుంచి 'వడియాలు ఎట్ల ఎండినాయో చూద్దామని వచ్చినా' అంటూ రోజూ వచ్చి, పిడికెడు పట్టుకుపోయేది. ముప్పై రోజులు, ముప్పై పిడికిళ్లు.

అప్పుడు నా తొంభై ఆరు మార్కుల బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మిగిలిన రెండో బిళ్లా విరిచి చూపిస్తే ఓబులమ్మక్క గింజలు గుర్తుపట్టింది. పైవరస ఎడమ మూలది సొర. కిందివరస కుడి మూలది దోస. కాబట్టి పైవరసంతా సొర, కిందివరసంతా దోస, నడిమిది బీర. చిన్నపిల్లలు చేసే లెక్క! మా నాయనకు ఉత్తరం రాస్తే, ఎందుకని అడక్కుండా మూడు రకాల గింజలూ పంపించాడు. పేడలో బూడిద కలిపి, బిళ్లకు ఎనిమిది చొప్పున పొదిగి, ఇరవై ఒక్కటీ గోడకు కొట్టాను. అత్తవి వంకరటింకరగా ఉండేవి. నావి దారం పట్టి కొట్టినట్టు వచ్చాయి.

అత్త వచ్చింది. గోడ వైపు చూసి, "ఎండకు బాగా బిగిసినాయే" అంది. నేను బతికిపోయాననుకున్నాను. తొలకరి పడగానే బిళ్లలు పీకి గుంతల్లో పెట్టింది. ఆమె వరుసలవారీగా పీకలేదు. నిలువుగా పీకింది! ఎడమ పక్క ఆరూ పందిరి కిందికి, నడిమి తొమ్మిదీ కంచె వెంట, కుడి పక్క ఆరూ మడిలోకి. ఎవరైనా గోడకు నిలువుగా విత్తనాలు కొడతారా? కొడతారట. పందిరికి దగ్గరున్న గోడకు పందిరి గింజ, మడికి దగ్గరున్న చోట మడి గింజ. అది ఆమె లెక్క.

విత్తొకటి నాటితే చెట్టొకటి మొలుస్తుందా అని సామెత. మా పెరట్లో మొలిచింది. పందిరి కింద రెండు సొర, రెండు బీర, రెండు దోస. కంచె వెంట మూడు, మూడు, మూడు. మడిలో మళ్లీ రెండేసి. ఎంత సమంగా పంచానో చూడండి!

పన్నెండో రోజు ఆకులు విచ్చుకున్నాయి. అత్త పందిరి దగ్గర చాలాసేపు నిలబడింది. నన్ను పిలవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఇంట్లోకి వచ్చి, ఊరగాయకని కోసిపెట్టిన అరవై నిమ్మకాయల ముందు కూర్చుంది. ఉప్పు డబ్బా నా వైపు జరిపింది.

"ఉప్పు నువ్వే ఎయ్యిమే."

"నాకు అందాజు తెలీదత్తా."

"నాకు తెలిసేది గూడా పోయిందిలే. యాడ ఏం గింజ కొట్టుకున్నానో గుర్తు ల్యాదు. పందిట్లో దోస పెట్టినా, మడిలో సొర పెట్టినా. మా యమ్మకు గూడా ఇట్లే మొదలాయ. మూడేండ్లకు నన్నే ఎవరని అడిగె." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇంక జాడీలు, పెరడు అన్నీ నువ్వే చూసుకో. నేను చెయ్యి పెడితే చెడిపోతాది."

తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఈ మాటకు ఓర్చుకోలేకపోయాను.

"అత్తా, నీ మతికి ఏం కాలే! ఆ గింజలు నేను కాల్చినా!"

"ఏందీ?"

"పిడకలనుకొని నీళ్లు కాచుకున్నా. తలంటుకు. మళ్లా వేరే గింజలు తెప్పించి నేనే గోడకు కొట్టినా. అడ్డంగా కొట్టినా."

అత్త నన్ను చూసింది. నేను నేలను చూశాను. జుట్టు పట్టుకుంటుందనే అనుకున్నాను.

"అంటే నేను సరిగ్గానే కొట్టుకున్నానా?"

"నిలువుగా, సరిగ్గా కొట్టినావత్తా."

"నా మతి బాగుండాది!"

"బ్రహ్మాండంగా ఉండాది!"

"ఓబులమ్మా! ఇట్ల రావే! నాకు మతి పోలేదంట! మా కోడలికే మొదట్నించీ ల్యాదంట!" అని అరిచి, అత్త నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వింది. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. గుండె మీది రోలు దిగినట్టయింది.

"మరి మీ యమ్మ గింజ పోయింది గదా అత్తా?" అన్నాను, ముక్కు చీదుకుంటూ.

"పోయేది యాడికి? ఈ ఊర్లో నా గింజ ల్యాని పెరడు ఏది? పద, తెచ్చుకుందాం."

ఆ నవ్వులోనే నిమ్మకాయల్లో ఎనిమిది పిడికిళ్లు ఉప్పు వేసింది. ఓబులమ్మక్కకు కథంతా చెబుతూ ఇంకో ఎనిమిది వేసింది. నేను లెక్కపెట్టాను గానీ నోరు విప్పలేదు. ఆ రోజు ఆమె మతి గురించి మళ్లీ మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది? ఏడాది పొడుగునా ఆ ఊరగాయ నాలుకకు ఆనించుకుని 'అద్భుతం' అన్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆమె చేతి ఉప్పు ఒక్కసారి కూడా తప్పలేదు.

గింజలు పదకొండు ఇళ్ల నుంచి తిరిగొచ్చాయి. పదకొండు ఇళ్లలోనూ ఎందుకు కావలసి వచ్చాయో అత్త మొదటి నుంచి చివరిదాకా, నేను తలకు నూనె పెట్టుకోవడంతో సహా, చెప్పింది. నేను పక్కనే ఒడి పట్టుకుని నిలబడ్డాను.

అందుచేత ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పిడక చిన్నదైనా పెద్దదైనా, దాన్ని విరిచి, లోపల చూసి, ఇరుగుపొరుగు ఇద్దరిని సాక్ష్యం నిలబెట్టుకున్న తర్వాతే పొయ్యిలో పెడతాను. ఈ ప్రతిజ్ఞను ఇంతవరకు ఒక్కనాడు కూడా తప్పలేదని గర్వంగా మనవి చేస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా మా ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి.