ఎర్ర అంచు గ్లాసు

మా హాస్టల్ వంటమ్మ పోయిన నెల చనిపోయింది. సెలవు రోజున, డుంబ్రిగుడ దగ్గర వాళ్ల ఊళ్లో, కాఫీ తోటకి బయలుదేరుతూ గుండె ఆగి పడిపోయిందట. చిన్నప్పుడు ఆమె చేతి అంబలి తాగి చదువుకున్నదాన్ని, ఇప్పుడు ఆ హాస్టల్ బడిలోనే పంతులమ్మని. కబురు వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

నాలుగేళ్ల కిందట ఆమెకి నుదుటి మీద ఎడమవైపు సర్పి లేచింది. పొక్కులు ఎండి మానిపోయాయి గానీ దురద పోలేదు. నెలల తరబడి రక్తం వచ్చేదాకా గోక్కునేది. "పైన ఏటీ నేదే గుంటా, లోపల సీమలు పాకుతున్నట్టుంటాది" అనేది. గజ్జి మందు రాసి రాసి చర్మం మండిపోయింది.

అప్పటి వార్డెన్ ఆమెని వంటింట్లోకి రానివ్వలేదు. "గజ్జి మనిషి చేతి కూడు పిల్లలకి పెట్టమంటావా?" అని అందరి ముందే అన్నాడు. పెరట్లో గిన్నెలు తోమమని, అంచుకి ఎర్ర రంగు పూసిన గ్లాసు ఒకటి విడిగా ఇచ్చాడు. అంటుకునే రోగమైతే ఆ గిన్నెలకి మాత్రం అంటదా అని అడగడానికి నాకూ నోరు రాలేదు.

విశాఖ తీసుకెళ్లాను. డాక్టరమ్మ చూసి గజ్జి కాదంది. సర్పితో దెబ్బతిన్న నరం లేని దురదని ఉందని చెబుతోందని, అది ఎవరికీ అంటదని విడమరిచింది. నరాల మాత్రలు కొద్దికొద్దిగా పెంచింది, మచ్చ మీద అంటించుకుంటే తిమ్మిరెక్కించే పట్టీ ఇచ్చింది, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోమంది. దురద పూర్తిగా పోలేదు గానీ కంటికి నిద్ర వచ్చింది. "నరానికి మతి పోనాది గానీ నాకు పోనేదు కదా" అని నవ్వింది వంటమ్మ. ఆ తర్వాత దురద పుడితే తడిగుడ్డ నొక్కిపట్టుకుని కూర్చునేది.

డాక్టరమ్మ రాసిన చీటీని వార్డెన్ విప్పి కూడా చూడలేదు. అతను బదిలీ అయ్యాకే ఆమె మళ్లీ గరిటె పట్టింది. ఆ గ్లాసు పారెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"ఉండనీయే. ఎప్పుడో ఓనాడు ఆడొస్తాడు. దీంతోనే కాఫీ ఇద్దాం."

వచ్చాడు. హాస్టల్లో మేం పెట్టిన దినం రోజున, పూలదండతో. "బంగారంలాంటి మనిషి" అన్నాడు. చదివేవాళ్లు నన్ను కక్షగట్టినదాన్ననుకున్నా సరే, లోపలికెళ్లి ఆ గ్లాసు నిండా కాఫీ పోసి అతని చేతికిచ్చాను.

"ఆవిడదేనండి. అంటదు, తాగండి."

కాఫీ చల్లారి మీగడ కట్టింది. వార్డెన్ బొటనవేలి గోటితో ఆ ఎర్ర అంచుని గోకుతూనే కూర్చున్నాడు.