‘బాంచెన్’ అనని పందెం

ఇది వీరగాథ. ఇందులో తుపాకులూ, గుర్రాలూ, గడి కూలడమూ అన్నీ ఉంటాయి. ఉంటాయనే నేనూ అనుకున్నాను. తీరా గుర్తు చేసుకుంటే మా చిన్నబాపు మీసం ఒక్కటే మిగిలింది.

సాయుధ పోరాటం నాటి మాట. సంఘపోళ్లు దేవరుప్పుల పక్కనున్న మా ఊరికి వచ్చి, ఇకమీదట దొరను ఎవరూ ‘నీ బాంచెన్’, అంటే నీ బానిసను, అనొద్దని చెప్పిపోయారు. చెప్పడం సులువే. ఆ మాట మాకు ఎక్కిళ్లలాంటిది. మేము అనం, అదే వస్తుంది.

మర్నాడే వెట్టి నాగలికి ఎందుకు రాలేదో చెప్పమని నాయన తమ్ముడు చిన్నబాపుకు దొర ఉండే గడి నుంచి పిలుపొచ్చింది.

“ఒక్క బాంచెన్ అనకుంట మాట్లాడొస్త,” అన్నాడు చిన్నబాపు మీసం మెలేస్తూ.

“నీతోని గాదు బావా,” అన్నాడు మా మేనమామ. “అంటివా, ఆ మీసం తీసెయ్యాలె.”

“అనకపోతే?”

“నా పందెం పుంజు నీది.”

మీసం తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేని మనిషి ఒప్పుకున్నాడు. అంటే మీసం పోతుంది, అనకపోతే వీపు పోతుంది. వీపైతే తొందరగా మానుతుందని ఆయన లెక్క. సాక్షిగా నన్ను వెంట పంపారు.

దొర అరుగు మీద కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

“ఏందిరా, నాగలి కట్టలే?”

“ఎద్దుకు పాణం బాగలేదు దొరా. నీ బా...” చిన్నబాపు మెడ నరాలు ఉబ్బాయి. “బాయి కాడనే పడి ఉన్నది, లేస్తలేదు.”

దొర ఆయన్ను చూశాడు, గోడకున్న కొరడాను చూశాడు. సంఘపోళ్లు వచ్చిపోయిన సంగతి ఆయనకూ తెలుసు.

“రేపు రా,” అన్నాడు.

చిన్నబాపు గెలిచాడు. ఛాతీ విరుచుకుని దర్వాజ దాకా నడిచాడు. అక్కడ గడి కుక్క గుర్రుమని ధోతి పట్టుకుంది.

“నీ బాంచెన్, ఇడిసిపెట్టు,” అన్నాడు రెండు చేతులూ జోడించి.

కుక్క విడిచిపెట్టింది. సంగతి విన్నాక మామ విడిచిపెట్టలేదు.

“కుక్కను అన్న. దొరను అన్ననా?”

“కుక్క ఎవలది బావా?”

“దొరది.”

“మరింకేంది?”

తీర్పు నా మీద పడింది. ఊళ్లో అందరికంటే మంచి తిండి ఆ కుక్కదే. దండం కూడా దానికే దక్కింది. కనుక అది దొరల కిందికే వస్తుందన్నాను.

సాయంత్రానికి మీసం నేల మీదుంది. చిన్నబాపు పెదవి తడుముకుని, లోకం గొడ్డుపోయినట్టు కూర్చున్నాడు. అవ్వ అంబలి ముంత తెచ్చి చేతిలో పెట్టింది. తాగాడు. మీసం లేకపోతే తాగినాక మూతి తుడుచుకునే పని ఉండదు.