వంతెన అంచు చీర

మే 9, గురువారం, తెల్లవారి ఐదూ పదికి ధర్మవరంలో మా ఇంటి ముందు కారెక్కాం. కూతురు, అల్లుడు, పద్నాలుగేళ్ల మనవరాలు, నేను. పదకొండు రోజుల విదేశీ ప్రయాణం. అల్లుడికి పట్టుచీరల దుకాణం ఉంది, దానికన్నా సినిమాలంటే ఇష్టం. ఏ పాట ఏ దేశంలో ఎక్కడ తీశారో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. మొత్తం పదిహేడు చోట్లు. పదహారు అతను కోరినవి, ఒకటి నేను కోరింది.

నేను కోరింది వెనిస్‌లో ఒక చిన్న వంతెన. మా ఆయన నేతగాడు. పెళ్లయిన ఆరో ఏట ఒక సినిమా పాటలో ఆ వంతెన ఇనుప కమ్ముల అల్లిక ఆయన కంటపడింది. దానికోసమే ఆ సినిమాకు ఐదుసార్లు వెళ్లారు. చీకట్లో టికెట్ల వెనక పెన్సిలుతో కొంచెం కొంచెం గీసుకొచ్చారు. దాన్ని గళ్ల కాగితం మీదికెక్కించి, మగ్గానికి బొమ్మ అందించే అట్టలకు చిల్లులు కొట్టించారు. రెండు వందల నలభై అట్టలు. వాటిని వరుసగా దారంతో కుట్టింది నేను. మగ్గం మీద ఆ అట్టలు తిరిగేకొద్దీ మూడంగుళాలకొక జరీ వంతెన పడేది. చీరకు ఒకవైపే పెద్దంచు, అందులో డెబ్బై రెండు వంతెనలు.

నేసిన చీర మా ఇళ్లలో నిలవదు, షావుకారు దగ్గరికి వెళ్లిపోతుంది. మొదటి చీర మాత్రం తిరిగొచ్చింది. నేను పొరపాటున ఒక అట్టను తిరగేసి కుట్టాను, ప్రతి వంతెనలోనూ ఒక పోగు తప్పింది. నేతగాళ్ల ఆడవాళ్లు కట్టుకునేవి అలా తిరిగొచ్చినవే. ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన చేతిది నా దగ్గర మిగిలింది ఆ ఒక్క చీరే. ఆ అంచును ఆ కమ్ముల పక్కన పెట్టి, ఆయన సరిగ్గా గీశారో లేదో చూడాలని నా కోరిక.

మొదటి ఏడు రోజులూ మంచు కొండల ముందు, రైలు స్టేషన్ల ముందు వాళ్లు ఫొటోలు దిగారు. నేను మూడు సంచులు పెట్టుకుని బెంచీల మీద కూర్చున్నాను.

మే 16న పదకొండున్నరకు ఆ వంతెన దగ్గరికి చేరాం. ఆ రోజు ఆ చీరే కట్టుకున్నాను.

"ఇదేనా అత్తా? ఇంత చిన్నదా! మన వీధి మురుగు మోరీ మీద దీనికంటే పెద్దది ఉండాది కదా," అన్నాడు అల్లుడు.

"నువ్వు అటు పో అప్పా, వెలుతురుకు అడ్డం వస్తాండావు."

పైట చెంగు కమ్మికి ఆనించి లెక్కపెట్టాను. ఒక చుట్టలో ఏడు మెలికలు. అంచులోనూ ఏడే. మధ్యలో రెండాకులు, రెండూ ఎడమకే వంగాయి. చీకట్లో, కదిలే బొమ్మలో చూసి ఆయన ఒక్క మెలిక కూడా తప్పలేదు.

"ఒకసారి ఇట్ల రాండి, చూడండి," అని పిలిచాను.

"అమ్మా, ఉండు, పడవ వస్తాంది, ఫొటో తీస్తాండా," అంది కూతురు.

"అవ్వా, కమ్ములు లెక్కపెట్టడానికి ఇంతదూరం వచ్చినావా? మన కిటికీకి లేవా?" అని నవ్వింది మనవరాలు.

పడవ వెళ్లిపోయింది. ముగ్గురూ అవతలి గట్టుకు నడిచారు. నేను మళ్లీ పిలవలేదు.

మా వైపు కాలువకు నీళ్లొదిలిన రోజు ఆడవాళ్లం పసుపు కుంకుమ వేసి, పైట కొస ముంచి కళ్లకద్దుకుంటాం. ఒక్కోసారి ఆ రోజు కోసం మూడేళ్లు ఎదురుచూశాం. వంతెన పక్కన నీళ్లలోకి మెట్లున్నాయి. మూడు మెట్లు దిగి, జానెడు చెంగు ముంచి కళ్లకద్దుకున్నాను. కళ్లు మండాయి. పెదవికి ఉప్పు తగిలింది. కాలువలో సముద్రపు నీళ్లు ఉంటాయని నాకు తోచనే లేదు.

ఉప్పునీళ్లు తగిలిన జరీని వెంటనే మంచినీళ్లలో జాడించాలి. అది నాకు తెలుసు, అల్లుడికీ తెలుసు. చెబితే అప్పుడే హోటల్ గదికి తీసుకెళ్లేవాడు. ఆ రోజుకు కాగితంలో ఇంకా నాలుగు చోట్లున్నాయి. చెప్పలేదు. తడి చెంగు నడుముకు దోపుకుని వాళ్ల వెనక నడిచాను.

"ఏం అత్తా, నీ వంతెన బాగుండాదా?"

"బాగుండాదప్పా."

గదికి చేరేసరికి సాయంత్రం ఆరున్నర. ఏడు గంటలు. మూడుసార్లు జాడించి కుర్చీ మీద ఆరేశాను. తడి పైకి పాకి మూరెడు దాకా వచ్చింది.

ఇంటికొచ్చిన మూడు రోజులకు, మే 22న, మడత విప్పి చూశాను.

పోయినవి ఇవి. డెబ్బై రెండింటిలో ఆరు వంతెనలు, నల్లబడ్డాయి. మూరెడు జరీ. ఆ మూరెడులో చీర ఎరుపు రంగు, వెలిసిపోయింది. కమ్మికి ఆనించి లెక్కపెట్టిన వంతెన ఆ ఆరింటిలోనిదే. దాని ఫొటో తీయలేదు. అది సరిపోయిందని చూసినదాన్ని నేనొక్కదాన్నే.